కమ్లి కండ్లు

ఉస్తాద్ మహమూద్ సాబ్ జనగామ నుంచి పొద్దుటి బండికి వచ్చి, మానుకోట స్టేషన్ రోడ్డులో తన శిష్యుడు పెట్టుకున్న స్టూడియో ముందు నిలబడి, లోపలికి రాకుండా షోకేసునే చూస్తూ ఉండిపోయాడు. అద్దం వెనక ఒక పెళ్లిజంట ఉంది. వాళ్ల పక్కన మీసం మెలేసిన హోంగార్డు, కింద పదో తరగతి పిల్లల గ్రూపు, గొంగడి కప్పుకున్న ముసలాయన, దండలు చుట్టిన కొత్త ట్రాక్టరు, ఒక మూలకు బోర్లా పడుకుని తల ఎత్తిన పసిపిల్ల.

“గిదేంది జైపాల్? స్టూడియోనా, కిరాణం కొట్టా?”

జైపాల్ నవ్వి స్టూలు తుడిచి వేశాడు. ఉస్తాద్ కూర్చుని టోపీతో విసురుకున్నాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఎండకాలం అది. పొద్దున్నే రేకుల కప్పు కాగుతోంది.

“అన్ని తీస్త ఉస్తాద్. వచ్చినోళ్లను వద్దంటె ఎట్ల?”

“వస్తున్నరా మరి?”

జైపాల్ షోకేసు అద్దం తుడవసాగాడు.

“ఊర్ల పెండ్లిల్లన్ని బజార్ల ఉన్న పాత స్టూడియోకు పోతయి. బడి ఫోటోలు, నౌకరి దరఖాస్తుల ఫోటోలు తాసీల్ కచేరి పక్కనున్న ఆయనకు. నీ తాన ఏమున్నది బేటా? ఒక్కటి పట్టు. నీ పేరు చెప్తె గా ఫోటోనే యాదికి రావాలె.”

“ఏది పట్టాలె?”

“నాకేం ఎర్క? నీ చెయ్యి దేని మీద మెత్తగ పడ్తదో నువ్వే చూసుకోవాలె.” ఉస్తాద్ లేచి, షోకేసు తలుపు తీసి, మూలనున్న పసిపిల్ల ఫోటోను వేలితో తట్టాడు. “గిది తీసిననాడు నీ చెయ్యి మెత్తగున్నది.”

జైపాల్ మనసులో ఉన్నదీ అదే. పెళ్లిళ్లలో పెద్దల కేకల మధ్య అతనికి చేతులాడవు. పిల్లలైతే గంటసేపైనా విసుగు రాదు. ఇంట్లో భార్య సరోజనకు ఐదో నెల. ఉస్తాద్‌ను మధ్యాహ్నం బండి ఎక్కించి వచ్చి, పెళ్లిజంటనూ హోంగార్డునూ ట్రాక్టరునూ అన్నింటినీ తీసేసి, పసిపిల్ల ఫోటో ఒక్కదాన్నే నడుమ పెట్టాడు. ఒక చిన్న పేము కుర్చీకి తెల్ల రంగు వేశాడు. వెనక తెర మీద ఉన్న రాజమహలును చెరిపేసి లేత మబ్బులు దింపించాడు. బోర్డు మీద పేరు కింద ‘పసిపిల్లల ఫోటోలు ఇక్కడ ప్రత్యేకం’ అని రాయించాడు.

ఎవరూ రాలేదు. ఒక్క ఫోటోతో బోసిపోయిన షోకేసు చూసి, ఎదురుగా చాయ్ హోటల్ నడిపే జగపతి రోడ్డు అవతలి నుంచే అడిగాడు. “ఏందే జైపాలన్నా, దుకాణం ఎత్తేస్తున్నవా?”

ఆ వారమే ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరు లంబాడా ఆడవాళ్లు షోకేసు ముందు ఆగారు. ముందున్న చిన్నది రుక్కి, ఇరవై దాటిన మనిషి. భుజం మీద మూడేళ్ల పిల్లను పడుకోబెట్టుకుని, పైనుంచి అద్దాలు కుట్టిన ఓణీ కప్పింది. వెనక ఆమె అత్త తుల్సీబాయి. ముసలిదాని చేతిలో ఖాళీ సీసా ఉంది. ఇద్దరూ అద్దంలోని పసిపిల్లను చూసి, వాళ్ల భాషలో ఏదో గొణుక్కుని, లోపలికి వచ్చారు.

“అన్నా, నా బిడ్డ ఫోటో తియ్యాలె.”

జైపాల్‌కు ప్రాణం లేచొచ్చింది. బోర్డు మార్చాక వచ్చిన మొదటి పిల్ల. “తీస్త తీస్త. గా కుర్చీల కూసోబెట్టు. పేరేంది?”

“కమ్లి.”

“నిద్ర లేపు మరి.”

రుక్కి పిల్లను కుర్చీలో దించి, తల వాలిపోకుండా వెనక ఓణీ మడిచి పెట్టింది. జుట్టు దువ్వి ఉంది. బుగ్గ మీద కాటుక చుక్క ఉంది. జైపాల్ పెద్ద లైట్లు రెండూ వేసి, కెమెరాను స్టాండు మీద బిగించి, దానికున్న రెండు కటకాల్లో పై దాంట్లోంచి చూస్తూ చిటికెలు వేశాడు. నాలుకతో చప్పుడు చేశాడు. గిలక్కాయ ఆడించాడు. పిల్ల కదల్లేదు.

“మొద్దునిద్ర గదా,” అంటూ దగ్గరికి వచ్చి గడ్డం కింద వేలు పెట్టి ముఖం ఎత్తాడు.

లైట్ల వేడికి అతని మెడ మీదే చెమటలు కారుతున్నాయి. పిల్ల గడ్డం చల్లగా ఉంది. పెదవి మూలకు ఈగ వచ్చి వాలింది. అది లేవలేదు, పిల్ల ముఖం చిట్లించలేదు.

అతను చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి వచ్చాడు. రుక్కి నేలను చూస్తోంది.

“పొద్దుగాల పోయింది నాయినా,” అంది తుల్సీబాయి. “రాత్రంత వాంతులు, విరేచనాలు. దవాఖానకు తెస్తిమి. డాక్టరు ఇంక రాలె, కూసోమన్నరు. మెట్ల మీద కూసున్నం. ఆడనే పానం పోయింది.”

“మరి గిట్ల నిద్రపోయిందని...”

“బస్సోడు పీనుగంటె ఎక్కనియ్యడు. తండాకు నడిసి పోవాల్నంటె ఈ ఎండకు ఎట్ల? నిద్ర పోయిందని చెప్పి తీస్కపోతున్నం.”

జైపాల్‌కు ముందుగా గుర్తొచ్చింది కుర్చీ. మొన్ననే రంగు వేసిన కుర్చీ. రేపెవరి పిల్లలైనా అందులోనే కూర్చోవాలి. వీధి తలుపు వైపు చూశాడు. జగపతి హోటల్ ముందు బెంచీ మీద ఎవరూ లేరు. వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. వాళ్లను పంపించాలనే అనుకున్నాడు.

“దీని బాపు చాందా దిక్కు రాళ్ల పనికి పోయిండన్నా,” అంది రుక్కి. “దీపావళికి పోయినోడు. ఆడ ఏ గుట్ట మీదున్నడో ఎవలకు ఎర్క? ఇయ్యాల్నే బొంద పెడ్తరు. ఆయన వచ్చి నా బిడ్డేదని అడిగితె నేనేం జూపియ్యాలె? ఒక్క ఫోటో గూడ లేదు.”

జైపాల్ లైట్ల మధ్యకు తిరిగి వచ్చాడు. ఈగను తోలి, కుర్చీ చేతి మీద పిల్ల చెయ్యిని ఆనించాడు. వేళ్లు తన వేళ్లతో పాటే వచ్చి, పెట్టినచోట ఆగాయి. మెడలో ఉన్న పూసలు సర్దాడు. కెమెరా దగ్గరికి పోయి కటకం లోపలి రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉండేలా పెట్టాడు. పిల్లలతో అలా వీల్లేదు. షట్టరు అంతసేపు తెరిచి ఉంటే కదిలి ముఖం అలుక్కుపోతుంది. ఈ పిల్ల కదలదు. ఒకటి, మరొకటి, ఇంకొకటి తీశాడు.

“కండ్లు తెరిసినట్టు జేస్తవా అన్నా?” అంది రుక్కి.

అతను లైట్లు ఆర్పకుండా నిలబడ్డాడు. “ఎట్లుండె కండ్లు?”

“పెద్దగుండె.”

“వాళ్ల బాపు తీరు,” అంది తుల్సీబాయి.

జైపాల్ రుక్కి ముఖంలోకి చూశాడు. ఏడవని కళ్లు, పెద్దవి, రెప్పల చివర కొంచెం పైకి లేచినవి. “వచ్చే అంగడికి రాండ్రి. తయారు జేసి పెడ్త,” అన్నాడు.

రుక్కి పిల్లను ఎత్తుకుని భుజం మీద వేసుకుంది. గుమ్మం దాటేటప్పుడు, బయట జనం చూస్తారని, పిల్ల వీపు మీద మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది. బస్టాండు మలుపు తిరిగేదాకా జోకొడుతూనే పోయింది.

ఆ ఫోటో మీద జైపాల్ రెండు పూటలు కూర్చున్నాడు. పెద్ద కాగితం మీద ప్రింటు తీశాడు. కిటికీ వెలుతురుకు బల్ల వేసుకుని, సన్నటి కుంచెతో ముందు కనురెప్పల గీత చెరిపాడు. తెల్లగుడ్డు పూర్తిగా తెల్లగా ఉంటే గాజుకన్ను అవుతుంది కాబట్టి నీడ కలిపాడు. నల్లగుడ్డు దిద్దాడు. లైటు ఎడమ నుంచి పడింది కనుక ఎడమ పక్కన ఒక్కొక్క మెరుపు చుక్క పెట్టాడు. చూసింది రుక్కి కళ్లను, గీసిందీ వాటినే. చుక్క పెట్టగానే పిల్ల అతని వైపు చూసింది. కుంచె పక్కన పెట్టాడు. తర్వాత దాన్ని మళ్లీ ఫోటో తీసి, కొత్త ప్రింట్లు వేసి, బుగ్గలకు లేత గులాబి రంగు పూశాడు. ఎక్కడా కుంచె పడ్డ జాడ లేదు.

అంత బాగా అతనెన్నడూ చెయ్యలేదు. ఒక ప్రింటు రుక్కి కోసం కవరులో పెట్టాడు. ఇంకొకటి చేతిలో పట్టుకుని షోకేసు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాడు. చివరికి పెట్టాడు.

ఆ సాయంత్రం అన్నం తెచ్చిన సరోజన అద్దం ముందే ఆగిపోయింది.

“ఎవలి బిడ్డనే? ఎంత సక్కగున్నది!”

“తండా పిల్ల.”

“కడుపుతోని ఉన్నోళ్లు మంచి పిల్లల ఫోటోలు చూడాలంటరు. నాకొకటియ్యి. మంచం పక్కన పెట్టుకుంట.”

ఇవ్వనంటే ఎందుకో చెప్పాలి. ఇచ్చాడు. సరోజన ఇంటికి పోయి చట్రంలో ఉన్న పాత క్యాలెండరు బొమ్మ తీసి, ఆ ఫోటో పెట్టి, తలగడ వైపు గోడకు తగిలించింది.

తర్వాత రోజుల్లో అతను అనుకోనిది జరిగింది. రైలు దిగినవాళ్లు, బజారుకు పోయేవాళ్లు ఆగి చూడసాగారు. రైల్వే క్వార్టర్ల నుంచి ఒకామె కవల పిల్లలను తీసుకొచ్చింది. బట్టల దుకాణం వాళ్లు మనవరాలిని తెచ్చారు. అందరిదీ ఒకటే మాట, గట్లనే రావాలె. అందరి పిల్లలూ ఆ తెల్ల కుర్చీలోనే కూర్చున్నారు, ఏడ్చారు, కదిలారు, సగం ఫోటోలు అలుక్కుపోయాయి. అయినా వస్తూనే ఉన్నారు. జగపతి తనే చాయ్ తెచ్చి ఇచ్చి, “పిల్లల జైపాల్ ఏడ ఉంటడని అడుగుతున్నరే జనం,” అన్నాడు. జైపాల్ ఉస్తాద్‌కు కార్డు రాద్దామనుకున్నాడు.

అంగడికి ముందురోజు పొద్దున బియ్యం మిల్లు ప్రతాప్ భార్య మనోరమ జీపులో వచ్చింది. కొడుకు మొదటి పుట్టినరోజు. ఊళ్లో పెద్ద ఇల్లు వాళ్లది. వాళ్లింటి పెళ్లిళ్లకు వరంగల్ నుంచి ఫోటోగ్రాఫర్లు వస్తారు. ఆమె షోకేసు చూసే వచ్చింది.

“ఒక్క ఇసుమంత కదల్లేదు సూడు జైపాలన్నా. ఎంత బుద్ధిగ కూసున్నది! మావోడు కుదురుగుండడు, నువ్వెట్ల తీస్తవో మరి.”

“తీస్త అక్కా. జర ఓపిక పట్టాలె, అంతే.”

పిల్లవాడికి జరీ చొక్కా, నెత్తిన పూసల టోపీ. కుర్చీలో దించగానే ఏడుపు అందుకున్నాడు. జైపాల్ గిలక్కాయ ఆడించాడు, పిల్లిలా అరిచాడు, మనోరమ చప్పట్లు కొట్టింది. ఏడుపు పెరిగింది. ముక్కు తుడిచి, టోపీ తీసి, మళ్లీ పెట్టారు.

అప్పుడే గుమ్మంలో ఒక మనిషి కనిపించాడు. నెత్తి నిండా రాతిదుమ్ము. చంకన గుడ్డ మూట. రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. నోరంతా తెరిచి నవ్వుతూ షోకేసును చూపిస్తున్నాడు.

“సారూ! గీ అద్దంల ఉన్నది నా బిడ్డ!”

జైపాల్ చేతిలో గిలక్కాయ ఆగిపోయింది.

“నా బిడ్డనే సారూ, కమ్లి. నేను టీక్యాను. ఎన్నడు దిగింది ఫోటో? మా రుక్కి తోల్కొచ్చిందా? గింత పెద్దగైందా? ఆగి చూసిన, నేనే గుర్తు పట్టలె ముందు. పూసలు చూసి పట్టిన. నేను కొనిచ్చిన పూసలే!”

“నీ బిడ్డనా?” అంది మనోరమ, నిజంగా సంతోషపడి. “బంగారమసొంటి బిడ్డ. ఊరంత చూస్తున్నది.”

టీక్యా సిగ్గుపడ్డాడు. అతని కళ్లు చిన్నవి కావు, పెద్దవి కూడా కావు, లోతుగా ఉండి నవ్వినప్పుడు మూసుకుపోతున్నాయి. కమ్లి కళ్లు తండ్రి తీరని తుల్సీబాయి చెప్పింది నిజమైతే, తను గీసింది తప్పు. జైపాల్ నోరు తెరిచాడు. మనోరమ ఉంది. జీపు డ్రైవరు గుమ్మంలో ఉన్నాడు. పిల్లవాడు ఏడుస్తున్నాడు.

“జర కూసో టీక్యా,” అన్నాడు. “గీ ఫోటో కానియ్యి.”

టీక్యా గోడవారగా చతికిలబడ్డాడు. పిల్లవాడి ఏడుపు కాసేపు చూసి ఉండబట్టలేక మూట విప్పాడు. మట్టి చక్రాల మీద చిన్న డోలు కట్టిన ఆటబండి తీశాడు. దారం పట్టి లాగితే చక్రాలతో పాటు రెండు పుల్లలు లేచి డోలు మీద టకటకా కొట్టుకుంటాయి. దాన్ని కెమెరా స్టాండు కింద నుంచి అటొకసారి ఇటొకసారి లాగుతూ, తను కూడా దాని వెనకే మోకాళ్ల మీద పాకాడు. నోటితో కూతలు వేశాడు. పిల్లవాడు ఏడుపు మధ్యలో ఆపి చూశాడు. తర్వాత టీక్యా కావాలనే బోర్లా పడ్డాడు. పిల్లవాడు పకపకా నవ్వాడు. చేతులు రెండూ గాలిలోకి లేచాయి, కొత్తగా వచ్చిన రెండు పళ్లు కనిపించాయి.

జైపాల్ నొక్కాడు. చూడకముందే తెలిసింది, ఇది వచ్చిందని. అలాంటి నవ్వు కోసమే అతను బోర్డు మార్చింది.

“అయిపోయిందక్కా.”

టీక్యా బండిని దులిపి మూటలో పెట్టబోయాడు. పిల్లవాడు దాని కోసం చెయ్యి చాచి మళ్లీ రాగం తీశాడు.

“ఇచ్చెయ్యరాదయ్యా, పైసలిస్త,” అంది మనోరమ.

“కాదు దొరసానీ, కమ్లికి తెచ్చిన. చాందా అంగడంత తిరిగి కొన్న.”

“ఇచ్చెయ్యి టీక్యా,” అన్నాడు జైపాల్. ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

టీక్యా నవ్వుతూనే అతని వైపు తిరిగాడు. “ఇచ్చి నేను నా బిడ్డకేం తీస్కపోవాలె సారూ?”

జైపాల్ ఫిలిం తిప్పే మీట మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా, దాన్నే చూస్తున్నాడు. టీక్యా నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

“ఏంది సారూ?”

“నీ బిడ్డ లేదు టీక్యా. పోయిన వారం వాంతులు, విరేచనాలు తగిలి... మీ అమ్మ, రుక్కి దవాఖానకు తెచ్చిండ్రు. అందలె.”

“ఎవల బిడ్డ? వేరే ఎవలో అయ్యుంటరు. అద్దంల సూడు, కండ్లు తెరిసి సూస్తనే ఉన్నది గద!”

“కండ్లు నేను గీసిన. పోయినంకనే తెచ్చిండ్రు ఈడికి. నీకు చూపియ్యాల్నని.”

మనోరమ కదిలింది. వంగి కొడుకును కుర్చీలోంచి లేపి రొమ్ముకు హత్తుకుని, పైన కొంగు కప్పింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“గా కుర్చీలనేనా?”

“ఔనక్కా.”

జీపు వెళ్లిపోయింది. టీక్యా ఇంకా నమ్మలేదు. జైపాల్ లోపలి అరలోంచి మొదటి ప్రింటు తెచ్చాడు, రంగూ గీతా లేనిది. షోకేసులోది కూడా తీసి రెండూ అతని ముందు నేల మీద పెట్టాడు. టీక్యా రెండింటి మీదా చేతులు ఆనించి చాలాసేపు చూశాడు. తెరిచిన కళ్ల ఫోటోను దగ్గరికి తీసుకుని, వేలి మొనతో ఒక్కొక్క కన్నూ తడిమాడు.

“గివి కమ్లి కండ్లు కావు,” అన్నాడు. “గివి రుక్కివి.”

ఆ మాటతో అతనికి తెలిసిపోయింది. నుదురు నేలకు ఆనించి, రెండు ఫోటోల మధ్య అలాగే ఉన్నాడు. జైపాల్ నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, తలుపు వేసి, తనూ నేల మీదే కూర్చున్నాడు.

చాలాసేపటికి టీక్యా లేచి బండిని మూటలో కట్టుకున్నాడు.

“సారూ, కండ్లు తెరిసింది రుక్కికియ్యకు. ఇంట్ల అది సూస్తుంటె మా రుక్కి తిండి తినది, పని చెయ్యది. దాన్నే సూసుకుంట సస్తది. గీ నిద్రపోయిందే ఇయ్యి.”

“నువ్వు తీస్కపోతవా మరి?”

“నేను మొయ్యలేను.”

అతను బస్టాండు వైపు పోయాడు. చాయ్ పోస్తున్న జగపతి పోయడం ఆపి, అతన్నీ తెరిచి ఉన్న ఖాళీ షోకేసునూ చూశాడు.

మధ్యాహ్నానికల్లా మిల్లు గుమాస్తా వచ్చి, అమ్మగారు ఫిలిం తెమ్మన్నారన్నాడు. అందులో వేరేవాళ్ల పిల్లలు కూడా ఉన్నారని జైపాల్ చెప్పాడు. గుమాస్తా మర్యాదగానే, “నన్ను పరేషాన్ చెయ్యకు జైపాలన్నా, తెమ్మన్నరు,” అన్నాడు. జైపాల్ కెమెరా తెరిచి రోలు ఇచ్చాడు. గుమాస్తా రోడ్డు మీద నిలబడి, ఎండలో కాగితం విప్పి, ఫిలింను మూరల కొద్దీ లాగాడు. నవ్వుతున్న పిల్లవాడు అందులో ఉన్నాడు. కాసేపటికి ఫిలిం బూడిదరంగుకు తిరిగింది. దాన్ని మురుగు కాలువలో వేసి వెళ్లాడు.

సాయంత్రానికి బట్టల దుకాణం వాళ్లు మనవరాలి ఫోటోలు తెచ్చి బల్ల మీద పెట్టి పోయారు. కవల పిల్లల తల్లి తనే వచ్చి, ఏమీ అడగకుండా, తన పిల్లలు కూర్చున్న కుర్చీని ఒకసారి చూసి, ఏడుస్తూ వెళ్లింది.

సరోజనకు అతనే చెప్పాడు. ఊరు చెప్పకముందే చెబుదామని ఇంటికి పరుగెత్తాడు. ఆమె మంచం మీద కూర్చుని విన్నది.

“నాకెందుకు చెప్పలె?”

“భయపడ్తవని.”

“ఇప్పుడు భయపడ్తలేనా?” ఆమె లేచి గోడ మీది చట్రం దించింది. విసిరేస్తుందేమో అనుకున్నాడు. పైట చెంగుతో అద్దం తుడిచి, బల్ల మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టింది. “పాపం బిడ్డ,” అంది. “పొద్దున లేవంగనే దీన్నే చూసిన. దీంతోని మాట్లాడిన. నీకు అన్ని ఎర్కుండి చూసుకుంట ఊకున్నవు.”

మర్నాటి పొద్దుటి బండికే, కబురు పంపకుండా, జనగామలో తల్లిగారింటికి ప్రయాణమైంది. ఏడో నెలలో పోవాల్సింది. స్టేషన్‌లో పెట్టె పైకి అందించి, కిటికీ దగ్గర నిలబడి జైపాల్ అన్నాడు, “పుట్టంగనే కార్డు రాయించు. వస్త. మొదటి ఫోటో నేనే తీస్త.”

“నువ్వు వద్దు,” అంది సరోజన. కోపం లేదు ఆ గొంతులో. బండి కదిలాక ఆమె కిటికీ చువ్వ మీది నుంచి చెయ్యి తీసుకుంది.

అక్కడి నుంచి వచ్చేసరికి రుక్కి స్టూడియో మెట్ల మీద కూర్చుని ఉంది. అంగడి రోజు. రోడ్డు అవతల, హోటలుకు దూరంగా, టీక్యా వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

జైపాల్ లోపలికి పోయి, కళ్లు మూసిన ఫోటో కవరులో పెట్టి తెచ్చాడు. ఆమె అక్కడే తీసి చూసింది.

“తెరిపిస్తనంటివి గదన్నా.”

“శాన ప్రయత్నం చేసినక్కా. రాలె.”

“జరన్న రాలేదా?”

“రాలె. నా చేతగాలె.”

అతను చేసినవాటిలోకెల్లా మంచి పని లోపల బల్ల మీద పడి ఉంది. రుక్కి తల ఊపింది. చేతగాని మనిషిని చూసి జాలిపడ్డట్టే ఊపింది. ఫోటోను రవికలో పెట్టుకుని, అంగడి జనంలోంచి మొగుడి వైపు నడిచింది. ఇద్దరూ బస్టాండు వైపు పోయారు. జైపాల్ లోపలికి వెళ్లి, ఆ ఫోటోనూ దాని నెగెటివునూ కత్తెరతో ముక్కలు చేశాడు. కత్తిరిస్తున్నంతసేపూ కళ్ల దగ్గరికి రాకుండా చుట్టుపక్కలే తిప్పాడు. చివరికి అవే మిగిలితే, వాటినీ కత్తిరించాడు.

ఆ ఎండకాలమంతా గుమ్మం తొక్కినవాళ్లు లేరు. తెల్ల కుర్చీని లోపల పెట్టేశాడు. పాస్‌పోర్టు ఫోటోలకు కూడా జనం కచేరి పక్కకే పోయారు. ‘శవం ఫోటో తీసినోడు’ అని చిన్నపిల్లలు అద్దం ముందు నుంచి పరుగెత్తేవాళ్లు. జగపతి చాయ్ మాత్రం మానలేదు గానీ, గ్లాసు మెట్టు మీద పెట్టి పోయేవాడు.

మొదటి వాన పడ్డనాడు ఒక మనిషి సైకిల్ మీద తడుస్తూ వచ్చాడు. గూడూరు దిక్కు పల్లె అతనిది. పేరు శ్రీపాల్, చిన్న రైతు. లోపలికి రావడానికి మొహమాటపడి చూరు కిందే నిలబడ్డాడు.

“మా అవ్వ సచ్చిపోయింది అన్నా, నన్ను కన్నతల్లి. కట్టమ్మ. జిందగీల ఒక్క ఫోటో దిగలె. బజార్ల ఆయనను అడిగితె రానన్నడు. కచేరి కాడ ఆయన గూడ రానన్నడు. నీ తానకు పొమ్మన్నరు. సచ్చినోళ్ల కండ్లు తెరిపిస్తవంట గద.”

జైపాల్ అతన్ని కాసేపు చూశాడు. నెత్తి మీది నుంచి నీళ్లు కారుతున్నాయి. అతను ఏడుస్తున్నాడో లేదో తెలియడం లేదు.

“కండ్లు తెరిపియ్యను,” అన్నాడు జైపాల్. “ఎట్లుంటె గట్లనే తీస్త.”

“గట్లనే తియ్యన్నా. ముఖం ఉంటె సాలు.”

కెమెరాకు రబ్బరు గుడ్డ చుట్టి, స్టాండును తన సైకిలుకు కట్టాడు. తలుపు వేసి తాళం పెట్టాడు. ఊరు దాటాక వాన తగ్గింది. రోడ్డు బురదగా ఉంటే ఇద్దరూ దిగి సైకిళ్లు నడిపించుకుంటూ పోయారు. తండ్రి పోయిననాడు కూడా ఇలాగే వాన పడిందని శ్రీపాల్ చెప్పాడు. తర్వాత, మాట కోసం అన్నట్టు, అడిగాడు.

“పెండ్లిల్లు, పిల్లలవి గూడ తీస్తవా అన్నా?”

“లేదు,” అన్నాడు జైపాల్. “గివే తీస్త.”

శ్రీపాల్ అర్థమైనట్టు తల ఊపి, ముందున్న నీళ్ల గుంతను చూపించి, పక్కకు రమ్మన్నాడు.